బోనీ తెలివి ఏ రక్తానిది?

డిటెక్టివ్ నవల మన ఊళ్లకు కొత్తేం కాదు. అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను తెచ్చుకుని రాత్రిళ్లు చదివిన తరం మాది. అయితే పల్లెల్లో, బీడు భూముల్లో జరిగే ఖూనీల మీద, అదీ ఆదివాసీ తల్లికి పుట్టిన డిటెక్టివును పెట్టి 29 నవలలు రాసినోడు ఒకడున్నాడు. ఆస్ట్రేలియాలో. పేరు ఆర్థర్ అప్‌ఫీల్డ్.

తెల్లోడే. 1890లో ఇంగ్లండులో పుట్టాడు. చదువబ్బలేదని తండ్రి ఓడెక్కించి ఆస్ట్రేలియా తోలాడు. అక్కడ గొర్రెల కమతాల్లో వంటపని చేశాడు. కుందేళ్లు పైర్ల మీద పడకుండా పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,800 కిలోమీటర్ల పైచిలుకు కంచె వేశారు. ఒంటెల్ని తోలుకుపోతూ ఆ కంచెను బాగుచేసే కూలిపనీ చేశాడు. అందుకే అతని నవలల్లో దుమ్మూ, దాహమూ, కూలోళ్ల గుడారమూ నిజంగా ఉంటాయి. కుర్చీలో కూర్చుని ఊహించిన పల్లె కాదది. ఆ మేరకు మేం మెచ్చుకుంటాం.

కంచె పనిలో ఉండగానే ఓ నవల కోసం, శవం ఆనవాలు దొరక్కుండా చేసే ఉపాయం తోటి కూలోళ్లను అడిగాడు. చెప్పారు. ఆ కబుర్లు విన్న స్నోయీ రౌల్స్ అనేవాడు దాన్ని నిజం చేశాడని కేసు నడిచింది. ముగ్గురు మనుషులు మాయమయ్యారు. బూడిదలో దొరికిన పెళ్లి ఉంగరం పట్టిచ్చింది. 1932లో రౌల్స్‌ను ఉరితీశారు. కోర్టులో అప్‌ఫీల్డ్ సాక్ష్యం చెప్పాడు. పేపర్లన్నీ రాశాయి, అతని పేరు మోగిపోయింది.

ఇక అసలు సంగతి. అతని డిటెక్టివు నెపోలియన్ బోనపార్ట్, ముద్దుపేరు బోనీ. తండ్రి తెల్లోడు, తల్లి ఆదివాసీ. పోలీసుల దగ్గర జాడలు తీసే లియోన్ అనే మనిషిని చూసి ఆ పాత్ర కట్టానని అప్‌ఫీల్డే చెప్పాడు. బోనీ ఎమ్మే చదివాడు, ఏ కేసులోనూ ఓడడు. సంతోషమే. కానీ ఆ తెలివి ఎక్కడిదంట? ఆలోచన తెల్ల తండ్రిదంట! అడుగుల జాడ పట్టడం మాత్రం తల్లిదంట! ఒక్కసారి ఓడితే తల్లి రక్తం అడవిలోకి లాక్కుపోతుందని బోనీకి భయమంట!

ఈ మాట మనం వినలేదా? మాల మాదిగ పిల్లోడు క్లాసులో ఫస్టొస్తే 'వీడికింత తెలివి ఎక్కడ్నుంచొచ్చిందో' అని స్టాఫ్‌రూములో నవ్వుకోవడం మేం చెవులారా విన్నాం. ఆ నవ్వు వెనకున్న లెక్కా ఇదే.

మరి బోనీ తల్లి జనం బతుకేంటి? పశువుల కమతాల్లో ఆదివాసీ కాపరులకు తెల్లోళ్లతో సమాన కూలి లేదు. 1966లో గురింద్జీ కాపరులు విన్సెంట్ లింగియారి వెంట వేవ్ హిల్ కమతం పని మానేసి లేచిపోయారు. సమాన కూలి ఉత్తర్వు 1968 చివర్లో గానీ అమల్లోకి రాలేదు. అప్‌ఫీల్డ్ 1964లోనే పోయాడు. 1972లో బోనీని టీవీలో చూపించినప్పుడు వేషం ఎవరికిచ్చారు? మొహానికి రంగేసి, ఓ తెల్ల నటుడికి!

ఆదివాసీ రచయిత ఫిలిప్ మెక్‌లారెన్ 1995లో 'స్క్రీమ్ బ్లాక్ మర్డర్' నవల రాశాడు. అందులో కేసు పట్టే ఆడా మగా పోలీసులిద్దరూ ఆదివాసులే. ఇంగ్లీషొచ్చిన మన కాలేజీ పిల్లలు దాన్ని చదివి, కథేంటో తెలుగులో రాసి పంపండి. అచ్చేసే పూచీ మాది.