ఈడిపస్ కథలో దాచినదేమీ లేదు

"కథ ముందే తెలిసిన నాటకంలో ఇంక ఉత్కంఠ ఏముంటుంది?" అని ఒక మిత్రుడు అడిగాడు, సోఫోక్లీస్ ‘ఈడిపస్’ గురించి మాట వచ్చినప్పుడు. అప్పుడు సమాధానం తోచలేదు. నాటకం మళ్ళీ చదివాక తోచినది ఇక్కడ రాస్తున్నాను.

ఏథెన్స్ ప్రేక్షకులకు ఈ గాథ కొత్తది కాదు. కవి కూడా ఏమీ దాచలేదు. సుమారు 1530 పంక్తుల నాటకంలో నాలుగో వంతు గడవకముందే, లేయస్ రాజును చంపినది నువ్వేనని అంధప్రవక్త టైరీసియస్ ఈడిపస్ ముఖం మీదే చెబుతాడు. కోపంలో అన్న మాట కనుక ఈడిపస్ దాన్ని కుట్ర అనుకుంటాడు. అక్కడినుంచి మన ఎదురుచూపు "ఏం జరిగింది" అని కాదు, "ఇతనికి ఎప్పుడు తెలుస్తుంది" అని.

నాటకం మొదలయ్యేనాటికే హత్య, వివాహం అన్నీ జరిగిపోయాయి. మిగిలినది తెలుసుకోవడమే. ఆ తెలిసే క్రమంలోనే కవి ప్రతిభ ఉంది. జరిగిన వరుసలో మొదటిదైన సంఘటన, అంటే పసిబిడ్డను కొండమీద వదిలేయమనడం, తెలిసే వరుసలో చివరిది. పైగా ప్రతి ఓదార్పూ గాయమవుతుంది. జోస్యాలు నమ్మవద్దని ధైర్యం చెప్పబోయి, లేయస్ మూడు దారులు కలిసేచోట చనిపోయాడంటుంది జొకాస్టా. ఈడిపస్ ఉలిక్కిపడేది ఆ మాటకే. కోరింత్ దూత అతని భయం పోగొట్టబోయి, నువ్వు పాలిబస్ కన్నకొడుకువి కావంటాడు. జొకాస్టాకు అప్పుడే అంతా అర్థమవుతుంది, ఈడిపస్‌కు కాదు. ఆ కాస్త ఎడంలో మనకు ఊపిరాడదు.

ఒకప్పుడు నాకు లోపమనిపించిన విషయం ఒకటుంది. లేయస్‌ను చంపినది ఒక్కడా, దొంగల గుంపా అని అడగడానికే గొర్రెలకాపరిని పిలిపిస్తారు. తీరా అతడు వచ్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు! పసిబిడ్డను దూతకు అప్పగించినవాడూ అతడే. కవి మరిచిపోయాడనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. "నేనెవరిని?" అనే ప్రశ్న ముందు "చంపినదెవరు?" అన్నది అడగనక్కరలేనిదైపోయింది.

గుర్తింపు, తలకిందులు కావడం ఒకేసారి జరగడాన్ని అరిస్టాటిల్ ఈ నాటకంలో మెచ్చుకున్నాడు. నా మట్టుకు, ముగింపును దాచిపెట్టి పుట్టించే ఉత్కంఠ ఒక్క చదువుతో ఖర్చయిపోతుంది. వరుసలో పుట్టినది మాత్రం ప్రతి చదువులోనూ తిరిగి వస్తుంది. నా మిత్రుడికి ఇదే నా జవాబు. మీరేమంటారు?