వంతుల పుస్తకము

క్రిందటి మాసమున ఊరగాయ జాడీల సంగతి ముగించుచు, ఈ మాసము ఎండకాలపు సెలవుల ముచ్చట వ్రాసెదమని మాట యిచ్చియుంటిమి. ముచ్చటయే వ్రాయవలెనని కూర్చుంటిమి గాని, కలము మరియొక త్రోవ పట్టినది. చదువరులు మన్నింతురు గాక.

మా కట్టంగూరి యెండ యెరిగినవారికి చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మా ఊరి ప్రక్కనే కలదు. వైశాఖమున ఆ తారు మెత్తనై చెప్పులకు అంటుకొనును. చుట్టునుగల గుండ్లు పగలెల్ల త్రాగిన వేడిని రాత్రి రెండవ జాము వరకును క్రక్కుచునే యుండును. కావున బడికి సెలవు లిచ్చిన మరునాడే మూటలు గట్టి, నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా బస్సులు మారుచు నల్లమల గుట్టలపై నున్న మన్ననూరు చేరుట మా యింట ఏటేటను జరుగు పని. డిండి చెరువు దాటి కొంత దూరము పోయి ఘాటు నెక్కగానే పిల్లలు కిటికీలలో తలలు పెట్టెదరు. గాలి మారును. అది తెలియుటకు కన్నులు తెరువనక్కరలేదు.

అచ్చట మా మామగారు అమరాబాదు ప్రాంతపు బడులలో పంతులుగా నుండిన కాలమున తమ జీతపు సొమ్ముతో కట్టించిన చిన్న యిల్లు కలదు. రాతిగోడలు, బెంగుళూరు పెంకు, రెండు గదులు, ఒక వంటసావడి, ముందర పొడవైన అరుగు. ఆ అరుగే అసలు ఇల్లు. రాత్రులు అందరును అచ్చటనే పండుకొందుము. మన్ననూరు చెక్కుపోస్టు వద్ద రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు అడవిలోనికి బండ్లను పోనీయరు. వన్యమృగములకై చేసిన యేర్పాటది. తొమ్మిదియైన పిమ్మట బండ్ల చప్పుడు ఆగి, అడవి చప్పుడు వినవచ్చును. ఆ నిశ్శబ్దమునకై మేము సంవత్సరమంతయు ఎదురుచూతుము.

మామగారు గతించి తొమ్మిదేండ్లైనది. నాటినుండి అన్నదమ్ములు మువ్వురును వేసవి ముప్పది దినములను మూడు వంతులుగా పంచుకొనిరి. వంతు ముగించిపోవువారు ఇల్లు అలికి, కుండలు బోర్లించి, కట్టెలు పేర్చి, మిగిలిన బియ్యము, పప్పు, అగ్గిపెట్టెలు ఎన్నియో ఒక పుస్తకమున వ్రాసి పోవలెను. ఉమ్మడి యింటికి పుస్తకముకంటె మంచి కాపలాదారు లేడని మా యనుభవము. నీళ్ళ విషయమున మాత్రము ఏ పుస్తకమును పనిచేయదు. వేసవిని అచ్చటి బోరు రోజునకు ఒక్క గడియ మాత్రమే పోయును. ఆ గడియలో ఎవరు బిందె ముందు పెట్టిరన్నదానిపై పుట్టిన మాటలు సంక్రాంతి దాకను నిలిచిన యేండ్లును కలవు.

ఈ యేడు మా వంతు దినములలో మా ఆడబిడ్డ తన యిద్దరు పిల్లలతో వచ్చినది. ఆరవనాడు పెద్ద యారాలి యొద్దనుండి ఫోను వచ్చెను. వారి పట్టణపు ఎండ భరింపరానిదై యున్నదట. రెండు దినములు ముందుగానే వత్తురట. "మీరు సర్దుకొనుడు. చుట్టములను పంపివేసినచో చోటు చాలును" అనిరి. చుట్టము లనగా ఆడబిడ్డయే. ఆమె అరుగుమీద పిల్లకు తల దువ్వుచుండెను. విన్నది. ఏమియు ననలేదు.

ఆ సాయంకాలమే ఒక చెంచు వృద్ధురాలు గంపలో తునికిపండ్లు, మొర్రిపండ్లు తెచ్చినది. ఆమెను కూర్చుండబెట్టి తేనె మాట యెత్తితిమి. కొండచరియల తేనెపట్టుకై మగవాడు నారత్రాటితో దిగునప్పుడు, పైన ఆ త్రాడు కాచువాడు అతని బావమరిది యట. అన్నదమ్ములకు ఆ పని ఒప్పగింపరట. "బావ పడితే చెల్లె ముండమోయును గదా, అందుకని వాడు త్రాడు విడువడు" అని నవ్వినది. (ఈ చెంచుల నడవడిని 1940 ప్రాంతమున హైమండార్ఫ్ అను పండితుడు భార్యాసమేతుడై యిచ్చట నిలిచి పరిశీలించి, 1943లో పెద్ద గ్రంథమే ప్రకటించెను. ఆ వృద్ధురాలి నవ్వు మాత్రము ఏ గ్రంథమున పట్టునదియు కాదు.)

ఆమె పోయిన పిమ్మట ఆడబిడ్డ మొర్రిగింజలు చేతిలోనికి తీసికొని, "వదినా, వాళ్ళ అన్నలు త్రాడు పట్టుకొందురు. మా అన్నలు పుస్తకము పట్టుకొనిరి" అనెను.

సోదరీమణులారా, ఆ పుస్తకమున మూడు గళ్ళు గీసినది మా చేయియే. గీత చక్కగా వచ్చినదని నాడు సంతోషించితిమి కూడ. ఉద్యోగపర్వమున పాండవులు ఐదూళ్ళైనను చాలునని యడుగు ఘట్టము చదివి ఎన్నిమారులో కన్నులు తుడుచుకొన్నవారము, ఇంటి ఆడపడుచు ఏమియు అడుగకయే నిలిచియుండగా చూడనైతిమి.

ఆ రాత్రి మా వారిని అడిగి తెలిసికొన్నది మీకును పనికివచ్చును గనుక వ్రాయుచున్నాము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక గతించిన పురుషుని స్వార్జితము అతని కుమారులకును, కుమార్తెలకును, భార్యకును, తల్లి జీవించియున్నచో ఆమెకును సమముగా చెందును. పెండ్లియైన కుమార్తె, కాని కుమార్తె యను భేదము లేదు. పిత్రార్జితమునందు పుట్టుకతోనే వచ్చు హక్కు సంగతి వేరు. అది ఆంధ్రప్రదేశమున 1985 నుండి, నాటికి పెండ్లికాని కుమార్తెలకు కలిగినది. 2005లో దేశమంతటను కుమార్తెలకు కలిగినది. మా మామగారు వీలునామా వ్రాయలేదు. ఇల్లు వారి స్వార్జితము. అనగా ఈ తొమ్మిదేండ్లును ఆడబిడ్డ తన యింటికే చుట్టమై వచ్చి పోయినది.

మా వారు వ్రేళ్ళు మడచి "నలుగురము" అనిరి. మూలన పండుకొన్న అత్తగారు, నిద్రించుచున్నారనుకొంటిమి, లేచి కూర్చుండి, "భార్యకును అంటివి గదా. అట్లయిన నాకును ఒక వంతున్నదా?" అని యడిగిరి. మా వారు ఐదవ వ్రేలు మడచిరి. పంతులుగారికి లెక్క తప్పుట ఆ రాత్రియే చూచితిమి.

మరునాడు ఫోనులో మా మరిది వెంటనే ఒప్పుకొనెను. పెద్ద బావగారు మాత్రము "చెల్లెకు కట్న మిచ్చి పంపితిమి గదా, మరల వంతేమి" అనిరి. పెద్దవారికి ఎదురు చెప్పుట మాకు అలవాటు లేదు. అయినను ఇచ్చట వ్రాయకుండ నుండలేము: 1961 నుండి నేరమైన దానిని ఇచ్చితిమని చూపి, 1956 నుండి న్యాయమైన దానిని కాదనుట యెట్లు? ఆ కట్నపు సొమ్ములో ఒక్క కాసైనను ఆమె చేత నిలిచినదా యని అడిగినవారు కూడ లేరు.

ఇట్లు వ్రాసితిమని పెద్ద యారాలిపై తప్పు మోపుట మా యుద్దేశము కాదు. ఆమెయు ఆ యింట బిందెలు తోమి తోమి అలసినది. చుట్టములనిన యిల్లాలికి మరి నాలుగు బిందెలే. ఆ రెండు దినములును అందరము కలిసియే యుంటిమి. ఒకనాడు ఉమామహేశ్వరము పోయి, కొండ పడగవలె క్రిందికి వ్రాలిన చోట, ఎండకాలమునను రాతినుండి బొట్టు బొట్టుగా జారు నీటిక్రింద పిల్లలను నిలిపితిమి. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పెద్దలు చెప్పు స్థలమది. యారాలును ఆడబిడ్డయు ఒకే తువాలుతో పిల్లల తలలు తుడిచిరి గాని, ఒకరితో నొకరు మాటాడలేదు.

బయలుదేరుటకు ముందు క్రొత్తపుట తీసి ఐదు గళ్ళు గీసితిమి. గడికి ఆరు దినములు. అత్తగారు తమ ఆరు దినములును వైశాఖ పౌర్ణమి కలియునట్లు కోరుకొనిరి. ఆ దినములలో తాము పొయ్యి ముట్టరట. నలువదియేండ్లుగా ఒక్క రాత్రియైనను తమ యింట నిలుపుకొననోచుకొనని చెల్లెలిని పిలుచుకొందురట. "ఎవరి యనుమతి యడుగవలెను?" అని మమ్ము అడిగిరి. ఎవరినియు అక్కరలేదని చెప్పుటకు మాకు కొంచెము సమయము పట్టినది.

పాత పుటలో చివరి పద్దు ఈ సారి ఆడబిడ్డయే వ్రాసినది: బియ్యము మూడు సేర్లు, కందిపప్పు అరసేరు, అగ్గిపెట్టెలు రెండు, ఉప్పు చాలినంత. క్రింద సంతకము చేసి, తాళము తీసికొని తానే వేసినది.

పెద్ద బావగారి జవాబు ఇంకను రాలేదు.