రంగుకు ముందు కాగితం

గడచిన రమజాన్ మాసంలో ఒకనాటి రాత్రి తరావీహ్ నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగేసరికి, మా మొహల్లా సందులో నిలిపి ఉంచిన నాలుగు కార్లపై పొడవాటి గీతలు కనిపించాయి. మేకుతోనో తాళంచెవితోనో ముందు తలుపు మొదలు వెనుక బంపరు వరకు బలంగా లాగిన గీతలవి. నాలుగింటిలో ఒక కారు బానెట్ మీద ఎర్ర స్ప్రే రంగుతో మన ధర్మాన్ని దూషించే రెండు మాటలు కూడా రాసి ఉన్నాయి. ఆ మాటలను ఇక్కడ తిరిగి రాయవలసిన అవసరం లేదు.

అప్పటికప్పుడు మస్జిద్ వరండాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "పోనివ్వండి భాయ్, రంగే కదా! తెల్లవారేసరికి తుడిపించేద్దాం. పండుగ ముందు గొడవ ఎందుకు?" అన్నారు పెద్దలు. "వీడియో తీసి అన్ని గ్రూపుల్లో పెడితేనే బుద్ధి వస్తుంది చాచా" అన్నారు యువకులు. ఈ రెండు మాటలూ తప్పేనని మేము నిర్మొహమాటంగా చెబుతున్నాము. ఒకటి సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. రెండవది సాక్ష్యం లేకుండానే తీర్పు చెబుతుంది.

ముందుగా పెద్దల మాట చూద్దాం. రెండేళ్ల క్రితం ఇదే సందులో ఒక కారుకు ఇదే గతి పట్టింది. అప్పుడు మేమందరం మౌనం వహించాము. మన పట్టణాలలో టింకరింగు, పెయింటింగు షెడ్లలో పనిచేసేవారిలో చాలామంది మన పిల్లలే. మన వీధి కుర్రవాడే సగం ధరకు, సాయంత్రంలోగా, గీత ఆనవాలు లేకుండా రంగు వేసి ఇచ్చాడు. అది అతని మంచితనం. కాని ఆ మంచితనంతోనే నేరం జరిగిన గుర్తు సైతం మాయమైంది. ఎదుటి దుకాణంలో సీసీ కెమెరా ఉందని మాకు గుర్తు వచ్చేనాటికి పాత దృశ్యాలపై కొత్తవి రికార్డయిపోయాయి. కొన్ని నెలల తర్వాత వీధి దీపం కోసం, రాత్రి గస్తీ కోసం అధికారుల వద్దకు వెళ్లినప్పుడు వారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇంతకు ముందు ఫిర్యాదు ఏదైనా ఉందా?" మా వద్ద ఏమీ లేదు. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాలపాటు ఫైళ్లు మోసిన మాకు ఆ ప్రశ్న ఎంత న్యాయమైనదో, మాకు ఎంత సిగ్గుచేటో తెలుసు. కార్యాలయానికి జ్ఞాపకశక్తి ఉండదు, ఫైలు మాత్రమే ఉంటుంది. ఫైలులో లేని అన్యాయం ప్రభుత్వం దృష్టిలో జరగనే లేదు.

ఈ మౌనానికి మనం 'సబ్ర్' అని పేరు పెట్టుకోవడం మరింత బాధాకరం. కష్టంలో నిలకడగా ఉండడం, ధర్మం తప్పకుండా ఉండడం సబ్ర్ అవుతుంది కాని, చేయగలిగిన పని చేయకుండా చేతులు ముడుచుకోవడం సబ్ర్ కాదు. ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫిర్యాదు రాయడం ఒంటెను కట్టడం వంటిదే.

ఇక యువకుల మాట. ఆ రాత్రి గీతలు పడిన నాలుగు కార్లలో ఒకటి మా సందు చివర ఇంట్లో ఉండే ఒక హిందూ మిత్రునిది. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. "మన కార్లపై దాడి" అని వీడియో పెట్టడానికి ఉబలాటపడినవారికి ఆ కారు ఎవరిదో అప్పటికి తెలియదు. గీతలు గీసిన చెయ్యి, రంగుతో రాసిన చెయ్యి ఒకటేనా, వేర్వేరా అన్నది కూడా ఎవరికీ తెలియదు. రాసిన మాట తన ఉద్దేశాన్ని తానే చెబుతుంది. గీత చెప్పదు. అది మత ద్వేషంతో గీసినది కావచ్చు, తాగినవాని ఆకతాయితనం కావచ్చు, పార్కింగు తగవు కావచ్చు. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని, తెలియక ఎవరికైనా హాని చేసి పిదప పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా మనకు నేర్పింది. ఆ ఆదేశం ఫోను చేతిలో ఉన్నప్పుడు మనకు వర్తించదా? మన వీడియో చూసి మరో ఊరిలో మరెవరో మరొకరి కారును గీస్తే ఆ పాపంలో మన వాటా ఎంత?

పార్కింగు మాట వచ్చింది కనుక మరొక్కటి చెప్పకుండా ఉండలేము. జుమా రోజున ఇరుగుపొరుగువారి గేట్లకు అడ్డంగా వాహనాలు నిలిపి, గంటసేపు వారిని ఇళ్లలో బందీలను చేసే అలవాటు మనలో ఉంది. దారిలోని ఆటంకాన్ని తొలగించడం విశ్వాసంలో భాగమని నమ్మే సమాజం తానే దారికి ఆటంకం కారాదు. దీనివల్ల ఎవరికీ మన కారు గీసే హక్కు రాదు. అయినా మన వైపు తప్పును మనం దిద్దుకోవడానికి ఎదుటివాని తప్పు అడ్డు కాకూడదు.

అయితే చేయవలసినది ఏమిటి? ఆ రాత్రి మేము చేసినది చెబుతాము. ముందుగా ఏ కారునూ ఎవరూ తాకవద్దని కోరాము. నంబరు ప్లేటు కనిపించేలా, గీత మొదలు చివర కనిపించేలా ఫొటోలు తీశాము. తెల్లవారిన తర్వాత పగటి వెలుతురులో మళ్లీ తీశాము. ఎదుటి దుకాణదారును బతిమాలి ఆ రాత్రి కెమెరా దృశ్యాలను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాము. మరునాడు ఉదయం నలుగురు యజమానులూ కలిసి ఒకే ఫిర్యాదు రాశారు. మొదటి సంతకం ఆ ఉపాధ్యాయునిది. ఫిర్యాదులో అనుమానాలు రాయలేదు, చూసినది మాత్రమే రాశాము: తేదీ, సమయం, స్థలం, వాహనాల నంబర్లు, రాసి ఉన్న మాటలు.

చట్టం ఏమి చెబుతున్నదో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షన్ ప్రకారం ఇతరుల ఆస్తికి కావాలని నష్టం కలిగించడం నేరం. దీనికి ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉంది. నష్టం 20,000 రూపాయలు, అంతకు మించితే రెండేళ్ల వరకు, లక్ష రూపాయలు, అంతకు మించితే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కాబట్టి నష్టం విలువ ఎంతో రాతపూర్వకంగా ఉండడం అత్యవసరం. మన షెడ్డు కుర్రవాడు అభిమానంతో చెప్పిన ఆరు వేలు మార్కెట్ ధర కాదు. అదే పనికి కంపెనీ సర్వీసు కేంద్రం ఇచ్చిన ఎస్టిమేట్ ఇరవై నాలుగు వేలు. మనవాడి తగ్గింపు ధరతో నేరం కూడా తగ్గిపోతుందని ఎందరికి తెలుసు? అలాగని లేని నష్టాన్ని పెంచి రాయించడం అబద్ధం, హరామ్. ఉన్నది ఉన్నట్టు రాయించాలి.

చిన్న నష్టమైతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అయినా సమాచారాన్ని పుస్తకంలో నమోదు చేసి, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు వద్దకు పంపవలసిన బాధ్యత నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం వారిపై ఉంది. మతాన్ని దూషించే రాతలు, వర్గాల మధ్య వైరం రేపే రాతలు ఉంటే న్యాయ సంహిత 196, 299 సెక్షన్లు వర్తిస్తాయేమో పరిశీలించమని ఫిర్యాదులోనే కోరాలి. ఇవి పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరాలు. ఇటువంటి నేరంతో కలిసి వచ్చినప్పుడు చిన్న నేరాన్ని కూడా వారే దర్యాప్తు చేయవచ్చు. బానెట్ మీది ఆ రెండు మాటలను రాత్రికి రాత్రే తుడిచివేసి ఉంటే ఈ దారి పూర్తిగా మూసుకుపోయేది.

నేరుగా దర్యాప్తు చేయగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కొత్త చట్టం ప్రకారం మూడేళ్ల నుండి ఏడేళ్లలోపు శిక్ష గల నేరాలలో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరపవచ్చు. దానికి గడువు 14 రోజులు మాత్రమే. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దాని ఫోను నంబరు 15100.

ఇన్సూరెన్సు సంగతి వేరు. ఫిర్యాదు చేయడం, క్లెయిమ్ చేయడం రెండు వేర్వేరు నిర్ణయాలు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారు రంగుకు పైసా రాదు. సమగ్ర పాలసీలో ఇతరులు దురుద్దేశంతో చేసిన నష్టానికి రక్షణ ఉంటుంది. అయితే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరే రాయితీ అది. పైగా యజమాని భరించవలసిన తప్పనిసరి మొత్తం ఉంటుంది, రంగు సామగ్రి ఖర్చులో సగం తరుగు కింద పోతుంది. ఒక తలుపు మీది చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే నష్టమే మిగలవచ్చు. నాలుగైదు భాగాలు దెబ్బతింటే చేయడమే మేలు. ఏది చేసినా కంపెనీకి వెంటనే తెలియజేసి, సర్వేయరు చూసిన తర్వాతే షెడ్డుకు పంపాలి. క్లెయిమ్ చేయకపోయినా ఫిర్యాదు మాత్రం మానరాదు.

ఇవన్నీ ముగిసిన తర్వాతే రంగు. గీత మీద గోరు పెట్టి లాగితే తగలకుండా జారిపోతే అది పైపొర గీత. పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే రంగు వరకు దిగినట్టు. రేకు బయటపడితే తుప్పు పట్టకముందే ప్రైమరు వేయించాలి. స్ప్రే రాతను థిన్నరుతో రుద్దితే కింది రంగు కూడా కరిగిపోతుంది. ఆ పని తెలిసినవారికే అప్పగించాలి.

మాకు వినిపించిన అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. "స్టేషన్‌కు వెళితే మన పిల్లలనే ప్రశ్నిస్తారు" అన్నారు కొందరు తల్లులు. ఈ భయం ఊరికే పుట్టలేదు, దానిని మేము తేలికగా తీసుకోము. దానికి మందు ఒంటరిగా వెళ్లకపోవడం. పగటిపూట, నలుగురు పెద్దలు, వీలైతే ఒక వకీలు, చేతిలో రెండు ప్రతులు. ఒక ప్రతి మీద రసీదు ముద్ర పడేవరకు కుర్చీ వదలరాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా సమాచారంగా తీసుకోవాలని, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలని 173వ సెక్షన్ చెబుతోంది.

"ఎక్కడెక్కడో ఇళ్లే పోతున్నాయి, ప్రాణాలే పోతున్నాయి, ఈ గీత ఒక లెక్కా?" అన్నారు మరికొందరు. గీతను లెక్కపెట్టని సమాజానికి పెద్ద నష్టం వచ్చిన రోజున ఫిర్యాదు ఎలా రాయాలో కూడా చేతకాదు. పైగా ఆ నాలుగు కార్లలో ఒకటి కిస్తీల మీద కొన్న ట్యాక్సీ. దానికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంది. అది షెడ్డులో ఉన్న ప్రతి రోజూ ఆ ఇంట్లో సంపాదన లేదు. మనకు గీతగా కనిపించినది ఆ తల్లికి సహరీ, ఇఫ్తార్ ఖర్చుగా కనిపించింది. మొహల్లా చందాతో ఆ రంగు ఖర్చు భరించాము.

ఒక పెద్దమనిషి, వెనుక అద్దం మీది 'మాషా అల్లాహ్' స్టిక్కరు తీసివేయమని ఆ ట్యాక్సీ యువకునికి సలహా ఇచ్చారు. ఆ సలహాను మేము అంగీకరించలేదు. స్టిక్కరు అంటించడం విధి కాదు, తీయడం నేరం కాదు. అది అతని ఇష్టం. కాని భయంతో తీసిన స్టిక్కరు తర్వాత తీయవలసినవి చాలా ఉంటాయి. ఇంటి నేమ్‌ప్లేటు, తల మీది టోపీ, ఆడపిల్ల హిజాబు. ఎక్కడ ఆగుతాము? 25వ అధికరణం ఇచ్చిన హక్కును మేకు పట్టుకున్న ఒక అనామకునికి అప్పగించలేము. స్టిక్కరు నేటికీ అద్దం మీదనే ఉంది.

దోషులు ఎవరో నేటికీ తేలలేదు. ఆ నిజం దాచము. కెమెరాలో కనిపించినది ముఖం తెలియని ఒక నీడ మాత్రమే. కాని ఎఫ్‌ఐఆర్ నంబరు ఉంది. ఆ నంబరు వేసి అర్జీ పెట్టిన తర్వాత ఏళ్ల తరబడి వెలగని వీధి దీపం వెలిగింది, రాత్రి గస్తీ వస్తోంది. ఇకపై ఎవరైనా "ఇంతకు ముందు ఫిర్యాదు ఏదైనా ఉందా?" అని అడిగితే తల దించుకోవలసిన పని లేదు.

ప్రతి మస్జిద్ కమిటీకీ మా విన్నపం ఇది. వచ్చే జుమాలోగా ఒక రిజిస్టరు కొనండి. మీ మొహల్లాలో పగిలిన అద్దం, గీసిన కారు, చించిన బోర్డు, ఎవరిదైనా సరే, తేదీతో రాయండి. ఫిర్యాదు రసీదు నకలు అందులో అంటించండి. ఫిర్యాదు చక్కగా రాయగల ఇద్దరిని, వారితో స్టేషన్‌కు వెళ్లగల నలుగురిని ముందుగానే ఎంచుకోండి. షెడ్డులో పనిచేసే మన పిల్లలకు కూడా ఒక మాట చెప్పండి: ఇటువంటి కారు వస్తే "ఫిర్యాదు ఇచ్చారా?" అని అడిగిన తర్వాతే రంగు డబ్బా తెరవమని. ఈపాటి పనికి అధిక ధనం అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అల్లాహ్ మనకు న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్ని, నిజం తేలేవరకు నోరు అదుపులో ఉంచుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.