కార్డులో 64.. నిజానికి 74!

మొన్న మా నానమ్మను మేడ్చల్‌లో రక్త పరీక్షకు తీసుకెళ్లాను. తనుండేది శామీర్‌పేట దగ్గర పల్లెలో. మోకాళ్ల నొప్పులకని రోజూ మాత్ర మింగుతోందని తెలిసి, డాక్టర్ కిడ్నీ టెస్ట్ రాశారు. కౌంటర్‌లో అమ్మాయి ‘వయసెంత?’ అంది. నానమ్మ నా మొహం చూసింది. నేను కార్డు చూసి ‘64’ అన్నా.

సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చింది. క్రియాటినిన్ 1.0. దాని కిందే ఇ-జీఎఫ్ఆర్ 63. అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే నంబర్. 60 దాటింది కదా, హమ్మయ్య అనుకున్నా.

రాత్రి పెదనాన్న ఫోన్ చేసి రిపోర్ట్ ఏమైందని అడిగారు. అప్పుడు వెలిగింది నాకు. కార్డు ప్రకారం నానమ్మ పుట్టింది 1961 జనవరి 1న. పెదనాన్న టెన్త్ మెమోలో ఉన్నది 1969. అంటే నానమ్మ ఎనిమిదేళ్లకే తల్లయిందా?!

అడిగితే నవ్వింది. “కార్డు రాసే పిల్లగాడు నా మొఖం జూసి ఏసిండు బిడ్డా. తక్కువే ఏసిండు గదా అని నేను గూడ సప్పుడు జెయ్యలే.”

ఇది మా ఇంటి కథే కాదు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్లలో చాలామందికి పుట్టినరోజు కాగితం ఉండదు. అందుకే పెద్దవాళ్ల కార్డుల్లో అన్నన్ని జనవరి ఒకటులు!

మేడ్చల్ ప్రాంతంలోనే 60 ఏళ్లు దాటినవాళ్ల నడక, కదలికల మీద ‘మైల్స్’ అనే అధ్యయనం జరిగింది. షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ కలిసి చేశాయి. ఇలాంటి వాటిలో ముందు తేలాల్సింది వయసే. మరి కాగితం లేకపోతే? ఊళ్లలో సర్వేలు చేసేవాళ్ల దగ్గర ఒక పాత ఉపాయం ఉంది. అందరికీ గుర్తుండే సంఘటనలు అడిగి, వాటిని పట్టుకుని లెక్క కట్టడం.

నేనూ అదే చేశా. “పోలీస్ యాక్షన్ అప్పుడు మా అన్న సంకల ఉన్నడంట. నేను మూడేండ్లకు పుట్టిన” అంది. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబర్‌లో. అంటే తను పుట్టింది 1951లో. “తెలంగాణ కొట్లాటప్పుడు మీ పెదనాయిన కడుపుల ఉన్నడు” అంది. అది 1969. అప్పటికి తనకు పద్దెనిమిది. లెక్క సరిగ్గా కుదిరింది. మా నానమ్మకు 74!

సరే, పదేళ్లు తేడా వస్తే ఏమవుతుంది? ఇక్కడే అసలు సంగతి. ఇ-జీఎఫ్ఆర్‌ను మెషీన్ నేరుగా కొలవదు. రక్తంలో క్రియాటినిన్ కొలిచి, దానికి వయసు, ఆడా మగా అనే వివరం కలిపి ఫార్ములాలో వేస్తారు. 2021 నాటి సీకేడీ-ఈపీఐ ఫార్ములాలో నేను 64 తీసేసి 74 పెట్టా. 63 కాస్తా 59 అయింది. అదే రక్తం, అవే కిడ్నీలు. కానీ 60 గీత కిందికి దిగిపోయింది. మూడు నెలలకు పైగా ఆ గీత కిందే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు.

ఎక్స్‌రే తీస్తే వయసు తెలీదా అని మీరు అడగొచ్చు. అది ఎముకలు పెరిగే వయసు పిల్లలకే పనికొస్తుంది. ఎదుగుదల ఆగిపోయాక ఆ లెక్క చెల్లదు. డీఎన్ఏ మీది రసాయన గుర్తులను చూసి వయసు అంచనా వేసే పద్ధతిని స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 2013లో ప్రకటించారు. నానమ్మ ఊరికి దగ్గర్లోనే జీనోమ్ వ్యాలీ, అన్ని ల్యాబులు! కానీ తన వయసు తేల్చింది మాత్రం వాళ్లన్న సంకలో ఉన్న ముచ్చటే.

ఒంటి వయసు సంగతి వేరే. అందులో కొంత ఇంట్లోనే చూడొచ్చు. ఆరు మీటర్లు మామూలుగా నడవమన్నా. నానమ్మకు ఏడు సెకన్లు పట్టింది. సెకనుకు మీటరు కన్నా తక్కువైతే నెమ్మది నడక కిందే లెక్కని ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పారు.

మర్నాడు ఇవన్నీ డాక్టర్‌కు చెప్పా. ఒక్క రిపోర్ట్‌తో జబ్బని తేల్చలేం అన్నారు. నొప్పి మాత్ర మాత్రం ఆపేశారు. మూత్ర పరీక్ష రాసి, మూడు నెలల తర్వాత రక్త పరీక్ష మళ్లీ చేయించమన్నారు.

ఈ రాత్రి మీరూ ఒక పని చేయండి. నానమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని పాత ముచ్చట్లు అడగండి. లెక్క కట్టి ఫోన్‌లో రాసుకోండి. రిజిస్ట్రేషన్‌కు కార్డులో ఉన్నదే ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. డాక్టర్‌కు మాత్రం అసలు వయసు చెప్పండి.

పదేళ్లు పెరిగాయని నానమ్మ అలుగుతుందేమో అనుకున్నా. “ఇన్నేండ్లు బతికిన్నా!” అని మురిసిపోయింది.