గడువు, ఆధారం, గొంతు: న్యాయమైన వాణిజ్యం కోసం న్యూజిలాండ్ తెలుగువారి ఉద్యమ ప్రణాళిక

1. మేమెవరం, ఏం కోరుతున్నాం

న్యూజిలాండ్‌లో బతుకుతున్న తెలుగువాళ్ళం. మాలో నిన్న కాలేజీలో చేరిన విద్యార్థులున్నారు. ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీల మునిమనవలున్నారు. నర్సులు, బస్సు డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వీధి చివర డెయిరీ షాపు నడిపేవాళ్ళు, కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు ఉన్నారు. పేద దేశాల సరుకూ శ్రమా ఈ దేశానికి ఏ ధరకు వస్తున్నాయి, ఆ ధరను ఎవరు కడుతున్నారు అని అడగడానికి ఒక ఉద్యమంగా కలుస్తున్నాం.

మా కోరిక సూటిగా ఇది: ప్రపంచ మార్కెట్ తన మీద విరుచుకుపడ్డప్పుడు న్యూజిలాండ్ తన కోసం ఏమేం సంపాదించుకుందో, వాటిని తనకంటే పేద దేశాలకూ, అక్కడి నుంచి వచ్చే శ్రామికులకూ దక్కనివ్వాలి. అవి మూడు. సర్దుకోవడానికి గడువు. పడిపోతే నిలబెట్టే ఆధారం. అన్యాయం జరిగితే నిలదీసే గొంతు.

సముద్రాలు దాటి వచ్చిన మేము తలుపులు మూసెయ్యమని అడగం. తలుపు తెరిచేటప్పుడు లోపలివాళ్ళకున్న హక్కు బయటివాళ్ళకూ ఉండాలంటున్నాం.

2. పాత లెక్క

ఆక్లాండ్ బిర్కెన్‌హెడ్ ఒడ్డున గులాబీ రంగు చెల్సీ చక్కెర కర్మాగారం 1884లో మొదలైంది. కొద్ది ఏళ్ళకే అది సిడ్నీలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఫిజీలో చెరకు మిల్లులు నడిపిందీ ఆ కంపెనీయే. 1879 నుంచి 1916 దాకా 60,000 మందికి పైగా భారతీయులను గిర్మిట్ మీద ఫిజీకి ఓడలెక్కించారు. 1903 నుంచి మద్రాసు రేవు గుండా వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు మనవాళ్ళూ ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకు రోజుకు ఒక షిల్లింగ్ అని కాగితం మీద రాశారు. అప్పగించిన పని పొద్దుగూకేలోగా తెమలకపోతే ఆ షిల్లింగూ పూర్తిగా చేతికి రాలేదు. వాళ్ళు నరికిన చెరకు ముడి చక్కెరగా ఆక్లాండ్ చేరి తెల్లబడింది. న్యూజిలాండ్‌తో తెలుగువాడి ఆర్థిక సంబంధం మన వీసాల కంటే చాలా ముందే మొదలైంది.

ఈ దేశపు పచ్చికకూ ఇలాంటి లెక్కే ఉంది. ఇక్కడి నేలల్లో భాస్వరం తక్కువ. గడ్డి ఏపుగా పెరగాలంటే ఫాస్ఫేట్ ఎరువు కావాలి. అది పసిఫిక్‌లోని నౌరు, బనాబా దీవుల నుంచి వచ్చింది. 1900లో బనాబా వాసులతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వాళ్ళకిచ్చేది ఏడాదికి 50 పౌండ్లు, తవ్వుకునే హక్కు 999 ఏళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఆ గనులను చేతిలోకి తీసుకున్నాయి. అందులో న్యూజిలాండ్ వాటా 16 శాతం. 1945 చివర్లో బనాబా జనాన్ని ఫిజీలోని రంబీ దీవికి తరలించారు. 1979లో తవ్వకం ఆగే నాటికి వాళ్ళ సొంత దీవిలో చాలా భాగం రాళ్ళ గుంతలుగా మిగిలింది. న్యూజిలాండ్ వెన్న ప్రపంచంలో చవకగా అమ్ముడుపోవడానికి ఇక్కడి వానా, రైతు నైపుణ్యమూ కారణాలే. ఆ దీవుల మట్టి మూడో కారణం. దాని అసలు ఖరీదు ఏ బిల్లులోనూ పడలేదు.

3. న్యూజిలాండ్ తన కోసం తెచ్చుకున్నవి

గడువు. 1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. అప్పటిదాకా న్యూజిలాండ్ వెన్నకూ జున్నుకూ పెద్ద కొనుగోలుదారు బ్రిటనే. ఒక్కసారిగా మార్కెట్ పోతే దేశం కూలుతుందని, 1971లోనే న్యూజిలాండ్ మంత్రి జాన్ మార్షల్ లక్సెంబర్గ్‌లో బేరమాడి ఏళ్ళ తరబడి చెల్లే ప్రత్యేక కోటా సాధించారు. దాన్ని ఎవరూ బిచ్చమనలేదు, వెనకబాటుతనమూ అనలేదు. చిన్న దేశం తన రైతుల కోసం తెచ్చుకున్న న్యాయమైన వ్యవధి అన్నారు. మేమూ అదే అంటున్నాం.

ఆధారం. 1984లో డేవిడ్ లాంగీ ప్రభుత్వం, ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ కలిసి వ్యవసాయ సబ్సిడీలను దాదాపు పూర్తిగా ఎత్తేశారు. వేల కమతాలు చేతులు మారతాయని భయపడ్డారు. చివరికి భూమి వదిలి వెళ్ళాల్సి వచ్చినవాళ్ళు నూటికి ఒక్కరు. మార్కెట్ మహిమ ఇదేనని ప్రపంచమంతా ఈ కథ చెప్పుకుంది. కథలో సగం మాత్రం చెప్పలేదు. ఆ రైతుకు వందల ఎకరాల సొంత పట్టా ఉంది. బ్యాంకు అప్పులో కొంత మాఫీ అయింది. వదిలి వెళ్ళేవాళ్ళకు ప్రభుత్వ సాయం అందింది. ఆసుపత్రి, బడి, నిరుద్యోగ భృతి ఎక్కడికీ పోలేదు. ఆ ఆధారం లేని చోట ఇదే సంస్కరణ ఏం చేసిందో ఈ దేశంలోనే కనిపిస్తుంది. 1987లో అటవీ శాఖను కంపెనీలా మార్చాక మురుపారా, మింగినుయి లాంటి ఊళ్ళలో పనులు పోయాయి. 1990ల మొదట్లో ఈ దేశ మూలవాసులైన మావోరీల్లో నిరుద్యోగం దాదాపు 25 శాతానికి చేరింది.

గొంతు. ఫ్రాన్స్ పసిఫిక్‌లో అణుపరీక్షలు చేస్తుంటే 1973లో న్యూజిలాండ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. పెద్ద దేశాన్ని చిన్న దేశం బోనులో నిలబెట్టింది. 1989లో నౌరు కూడా అదే న్యాయస్థానంలో ఫాస్ఫేట్ గనుల మీద ఆస్ట్రేలియాను నిలదీసింది. 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీపడింది. న్యూజిలాండ్, బ్రిటన్ తమ వంతుగా చెరో 1.2 కోట్లు ఇచ్చాయి. అడిగే చోటు ఉంటేనే బాకీ వసూలవుతుంది.

4. ఇతరులకు దక్కినవి

న్యూజిలాండ్ ప్రభుత్వ పాలనా సంస్కరణలను పేద దేశాలకు నమూనాగా చూపిస్తున్న రోజుల్లోనే, 1998లో, ప్రపంచ బ్యాంకు పత్రికలో అలెన్ షిక్ అనే నిపుణుడు ఒక వ్యాసం రాశారు. చాలా వర్ధమాన దేశాలు వీటిని అనుకరించకూడదని ఆయన వాదన. చట్టం, ఒప్పందం, జవాబుదారీ పాతుకుపోయిన చోట నడిచేది అవి లేని చోట నడవదన్నారు.

అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు నుంచి ఆర్థిక పునర్నిర్మాణ రుణం తీసుకుంది. 1999లో రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక పత్రం విజన్ 2020 వచ్చింది. అప్పటికే 1997-98లో వరంగల్ పత్తి చేలల్లో పురుగు తిరగబడి, మందులు పనిచేయక, అప్పు తీరక రైతులు ఆ పురుగుల మందే తాగారు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన నిరసనపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. న్యూజిలాండ్‌లోని వైకాటో రైతుకు బ్యాంకు మేనేజర్ ఎదురుగా కూర్చుని లెక్క సరిచూశాడు. వరంగల్ కౌలు రైతుకు పేరు మీద పట్టా లేదు, బ్యాంకు గడప తెలియదు. విత్తనం, మందు, అప్పు మూడూ ఇచ్చే షాపు సేటే దిక్కు. సంస్కరణ అనే మందు ఒకటే కావచ్చు, ఒంట్లో సత్తువ వేరు.

న్యూజిలాండ్ చేసిన మంచినీ చెప్పుకోవాలి. 2001 నుంచి అత్యంత వెనకబడిన దేశాల సరుకుల మీద సుంకం తీసేసింది. కానీ పసిఫిక్ దీవులతో 2017లో సంతకాలైన పేసర్ ప్లస్ ఒప్పందంలో ఆ దీవులూ తమ సుంకాలను అంచెలంచెలుగా తగ్గించుకోవాలి. చిన్న దీవి ప్రభుత్వానికి దిగుమతి సుంకం పెద్ద రాబడి. అది తగ్గితే ఆ లోటు అమ్మకపు పన్నుగా పేదల ఉప్పూ పప్పూ మీద పడుతుంది. ఆర్థికంగా ఆ ప్రాంతంలోని రెండు పెద్ద దీవి దేశాలు పాపువా న్యూగినీ, ఫిజీ అందులో చేరలేదు.

మనుషుల విషయంలో మేము ఇంకా నిక్కచ్చిగా మాట్లాడతాం. 2007లో మొదలైన సీజనల్ కూలీల పథకం ఏడాదికి 5,000 మందితో ఆరంభమై ఇప్పుడు 20,000 దాటింది. టోంగా, సమోవా, వనువాటుల నుంచి వచ్చినవాళ్ళు హాక్స్ బే ఆపిళ్ళు కోస్తారు, మార్ల్‌బరో ద్రాక్ష తీగలు కత్తిరిస్తారు. వాళ్ళు పంపే డబ్బుతో ఊళ్ళో ఇళ్ళు లేస్తున్నాయి, పిల్లలు చదువుతున్నారు. అది నిజం. వీసా ఒకే యజమానికి ముడిపడి ఉంటుందన్నదీ, కుటుంబాన్ని తెచ్చుకునే వీల్లేదన్నదీ, ఎన్ని సీజన్లు పనిచేసినా ఇక్కడ స్థిరపడే దారి లేదన్నదీ అంతే నిజం. 2022లో మానవ హక్కుల కమిషన్ ఈ పథకంలోని దోపిడీ మీద నివేదిక ఇచ్చింది.

అదే ముడి మన పిల్లల మెడకూ ఉంది. 2022లో వచ్చిన గుర్తింపు పొందిన యజమాని వీసా కింద ఉద్యోగం పోతే నిలబడే నేల పోయినట్టే. ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం ఈ దేశంలో నేరం. అయినా 'జాబ్ టోకెన్' పేరుతో ఊళ్ళో పొలం అమ్మించి లక్షలు గుంజే ఏజెంట్లు ఉన్నారు. 2023లో ఆక్లాండ్‌లో భారతీయ, బంగ్లాదేశీ కార్మికులు పనీ జీతమూ లేక కిక్కిరిసిన ఇళ్ళలో దొరికారు. వాళ్ళు చట్టప్రకారమే వచ్చారు.

5. పాల విషయంలో మా వైఖరి

భారత్-న్యూజిలాండ్ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2010లో మొదలై, మధ్యలో ఆగి, 2025 మార్చిలో మళ్ళీ ఊపందుకుని, డిసెంబరులో ముగిశాయని ప్రకటించారు. పాలు, వెన్న, జున్ను లాంటి ప్రధాన పాల సరుకులను భారత్ బయట ఉంచింది. ఇక్కడ చాలామందికి అది మింగుడు పడలేదు. మనలోనూ కొందరు వ్యాపారులు గొణుగుతున్నారు.

మేము ఆ మినహాయింపును సమర్థిస్తాం. ఇక్కడ సగటు మందలో 400కు పైగా ఆవులుంటాయి. గుంటూరు, కరీంనగర్ పల్లెల్లో రెండు గేదెలుంటే ఘనం. పంట పోయిన ఏడాది ఇల్లు నడిపేది ఆ పాల డబ్బే. ఆ గేదె ఆడమనిషి చేతిలో ఉండే కొద్దిపాటి ఆస్తి. 1971లో తన వెన్నకు గడువు తెచ్చుకున్న దేశం, ఆ ఇల్లాలు గడువు అడిగితే తప్పు పట్టకూడదు. అయితే ఈ రక్షణ ఊరికే దక్కేది కాదని భారత ప్రభుత్వానికీ చెబుతున్నాం. ఆ గడువులో పశువైద్యం, శీతలీకరణ, సహకార సంఘాలకు స్వేచ్ఛ రావాలి. రాకపోతే రక్షణ ఫలం పాల రైతుకు చేరదు, దళారీ జేబులో పడుతుంది.

అదే ఒప్పందంలో భారతీయులకు ఒక సమయంలో 5,000 దాకా తాత్కాలిక ఉద్యోగ వీసాలున్నాయి. సంఖ్య చూసి చప్పట్లు కొట్టం. వీసా ఎవరి చేతిలో ఉంటుందో, యజమాని మారే హక్కు ఉంటుందో లేదో చూసి మాట్లాడతాం.

6. మా డిమాండ్లు

ఒకటి: ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందే పూర్తి పాఠం ప్రజల ముందు పెట్టాలి. ఇప్పుడు సంతకం అయ్యాకే పార్లమెంటు కమిటీ పరిశీలిస్తోంది. తే తిరితి ఒ వైతాంగి (వైతాంగి ఒప్పందం) కింద మావోరీలకున్న హక్కులను చర్చల మొదట్లోనే లెక్కలోకి తీసుకోవాలి.

రెండు: పేద దేశం ఎంత గడువు అడుగుతుందో దాన్ని ప్రాతిపదికగా చర్చ మొదలవ్వాలి. సుంకం తగ్గి రాబడి పోతే, ఆ లోటు పూడేదాకా న్యూజిలాండ్ గ్రాంటు ఇవ్వాలి.

మూడు: సీజనల్ కూలీలకూ, ఉద్యోగ వీసాదారులకూ అదే రంగంలో యజమాని మారే హక్కు ఇవ్వాలి. ఏజెంటుకు కట్టిన అక్రమ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసి కార్మికుడికి తిరిగి ఇప్పించాలి. ఏటేటా వచ్చే సీజనల్ కార్మికులకు స్థిర నివాసానికి దారి ఉండాలి.

నాలుగు: సరఫరా గొలుసులో వెట్టిచాకిరీని అడ్డుకునే పటిష్ఠమైన చట్టం కావాలి. బ్రిటన్ 2015లో, ఆస్ట్రేలియా 2018లో చేశాయి. నివేదిక రాసి చేతులు దులుపుకునే చట్టం చాలదు, జరిమానా ఉండాలి.

ఐదు: ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి అంది. న్యూజిలాండ్ ఏనాడూ దాన్ని అందుకోలేదు. ఏ ఏటికి ఎంతో తేదీలతో చెప్పాలి.

ఆరు: ఇంటికి పంపే డబ్బు మీద రుసుము 3 శాతం దాటకూడదన్న అంతర్జాతీయ లక్ష్యాన్ని పసిఫిక్ దారుల్లో అమలు చేయాలి. టోంగా లాంటి దేశాన్ని నడుపుతున్నదే ఆ డబ్బు.

ఏడు: బనాబా ప్రజలకు జరిగినదానిలో తన వాటాను న్యూజిలాండ్ అధికారికంగా ఒప్పుకోవాలి. ఆక్రమణలో ఉన్న పశ్చిమ సహారా నుంచి ఫాస్ఫేట్ కొనడం ఆపాలి.

7. మనకు మనం పెట్టుకునే కట్టుబాట్లు

2023 జనగణన ప్రకారం ఈ దేశంలో భారతీయులు దాదాపు 2,92,000 మంది. మనం అతిథులమని తలదించుకునే దశ దాటింది. మనలోనే యజమానులున్నారు, దోచుకునేవాళ్ళూ ఉన్నారు. అందుకని సభ్యులందరికీ వర్తించే నియమాలివి.

కనీస వేతనం కంటే తక్కువిచ్చేవారికి, జీతంలో కొంత వెనక్కి పుచ్చుకునేవారికి, లెక్కలో లేకుండా చేతికి డబ్బిచ్చేవారికి ఈ ఉద్యమంలో చోటు లేదు, ఎంత పెద్ద విరాళం ఇచ్చినా సరే. సభ్యుడెవరూ ఏజెంటుకు మనిషిని చూపించి కమిషన్ తీసుకోడు. పీఆర్ (స్థిర నివాసం) వచ్చిందని కట్నం రేటు పెంచే ఇంటి నుంచి న్యాయమైన ధర గురించి మాట్లాడటానికి ఎవరూ రావద్దు. మన సంఘాల సభల్లో వేదిక మీద కులానికి కుర్చీ వేయం.

8. ఎలా పనిచేస్తాం

చిన్న గుంపులు ఏం చేయగలవన్న అనుమానానికి ఈ దేశ చరిత్రలోనే జవాబుంది. 1973లో క్రైస్ట్‌చర్చ్‌లో వై, రిచర్డ్ కాట్రెల్ దంపతులు భారతదేశంలోని టిబెటన్ శరణార్థులు నేసిన తివాచీలు అమ్మడంతో మొదలైనది ట్రేడ్ ఎయిడ్‌గా నిలబడింది. 1971లో ఆక్లాండ్ కుర్రాళ్ళు కట్టిన పాలినేషియన్ పాంథర్స్, తెల్లవారుజాము దాడుల్లో పసిఫిక్ వలసజీవుల తలుపులు పోలీసులు బాదుతున్న రోజుల్లో వాళ్ళ పక్కన నిలబడ్డారు. 2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ దాడులకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

మా తొలి పనులు మూడు. ఆక్లాండ్, హామిల్టన్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్‌లలో తెలుగులో కార్మిక హక్కుల సలహా కేంద్రాలు తెరవడం. పసిఫిక్, మావోరీ సంఘాలతో, కార్మిక యూనియన్లతో కలిసి పై డిమాండ్లను పార్లమెంటు అర్జీగా పెట్టడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోని పాల సహకార సంఘాలతో, కౌలు రైతు సంఘాలతో నేరుగా మాట్లాడి వాళ్ళ మాటను ఇక్కడి కమిటీల ముందు వినిపించడం. కంపెనీల నుంచీ, వీసా ఏజెన్సీల నుంచీ పైసా తీసుకోం. ఏటా జమాఖర్చులు సభ్యుల ముందు పెడతాం. ఉద్యమానికి పేరు తొలి మహాసభ నిర్ణయిస్తుంది. ఆ సభ వేదిక మీద తాత్కాలిక వీసాలవాళ్ళకు సగం స్థానాలు ఉంటాయి, ఎందుకంటే పోగొట్టుకునేది ఎక్కువగా వాళ్ళే.

ఈ ప్రణాళికతో ఏకీభవించేవాళ్ళు సంతకం చెయ్యండి. ఏకీభవించనివాళ్ళు సభకు వచ్చి వాదించండి. ఒప్పందాలు రాసేవాళ్ళు మనల్ని ఇన్నాళ్ళూ కూలీలుగా, కొనుగోలుదారులుగా, ఓటర్లుగా విడివిడిగా లెక్కపెట్టారు. ఇక కలిసి లెక్క అడుగుదాం.