సహాయమా? ఋణమా?

కాలేజీలలో ప్రవేశముల కాలము వచ్చినదనఁగానే మన పట్టణములలోని గోడలకు దానగుణ మబ్బును. ఒక గోడ నూటికి నూఱుపాళ్లు స్కాలర్షిప్పు నిత్తుననును. దాని ప్రక్కగోడ ఫీజే అక్కఱలేదనును. బ్యాంకి గుమ్మముమీఁది పలక, రండు, ఋణమిచ్చి చదివించెదమని పిలుచును. వీని కన్నిటికిని జనులు పెట్టిన పేరు సహాయము. ఈ యొక్కమాట క్రింద మూఁడు వేర్వేఱు వస్తువులు దాఁగియున్నవనియు, వానిని విడఁదీసి చూడని కుటుంబము నాలుగేండ్ల పిమ్మట దుఃఖించుచున్నదనియు మా యభిప్రాయము.

స్కాలర్షిప్పనఁగా విద్యార్థివేతనము, తిరిగి చెల్లింప నక్కఱలేని ధనము. షెడ్యూల్డు కులముల విద్యార్థుల పైచదువులకై 1944లో ఆరంభమైన వేతనములు ఇట్టివి. తిరిగి యీయ నక్కఱలేదన్నంత మాత్రమున షరతు లుండవని కాదు. డాక్టరు అంబేద్కరు 1913లో బరోడా సంస్థానపు వేతనముతో కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లునపుడు, చదువు ముగించి పదేండ్లు ఆ సంస్థానమున కొలువు చేయుదునని ఒడంబడిక వ్రాసి యిచ్చిరి. ఆ షరతు కాగితముమీఁద నుండెను. నేఁటి గోడమీఁది స్కాలర్షిప్పునకు కాగితమే లేదు. తాను నిర్ణయించిన ధరలో తానే కొంత తగ్గించి దానిని విద్యార్థివేతనమనుట, బట్టలకొట్టువాఁడు ఆషాఢమాసపు తగ్గింపును ధర్మమని చెప్పుకొనుట వంటిది. అమెరికాకు పోవు మన పిల్లల ప్రవేశపత్రములలోని స్కాలర్షిప్పును పెక్కుసారులు ఈ తగ్గింపే. తక్కినది అప్పు తెచ్చి కట్టవలసినదే. అసిస్టెంటుషిప్పు మాత్రము వేఱు. అది చేసిన పనికి జీతము.

ఇఁక ఫీజు రీయింబర్సుమెంటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో విస్తరించిన యీ పథకమువలన కూలివాని బిడ్డలు ఇంజనీర్లయిరి. ఆ మేలును మేము కాదనము. కాని మాట యర్థమును చూడుఁడు: ఖర్చుపెట్టినవానికి ఆ ఖర్చును తిరిగి యిచ్చుట. ఇచ్చట ముందుగా ఖర్చుపెట్టవలసినవాఁడెవఁడు? సర్కారు కట్టునన్న నమ్మకముతో కాలేజి చేర్చుకొనును. సర్కారు సొమ్ము ఆలస్యమగును. కాలేజి విద్యార్థివైపు తిరుగును. ఉద్యోగము వచ్చిన పిల్ల సర్టిఫికెట్లకై పోయినచో, ముందు మీరు కట్టుఁడు, సర్కారు ఇచ్చినపుడు తీసికొనుఁడని చెప్పుదురు. తండ్రి వడ్డీవ్యాపారి గడప నెక్కును. బాకీపడినది సర్కారు, వడ్డి కట్టునది కూలివాఁడు. ఒరిజినలు సర్టిఫికెట్లను సంస్థలు తమయొద్ద నిలుపుకొనరాదని యూజీసీ 2018లోనే ప్రకటించినది. ఆ ప్రకటనమును కాలేజి కార్యాలయపు కిటికీయొద్ద చదివి వినిపించువారేరి?

పైగా ఆర్‌టీఎఫ్ అనునది బోధనరుసుము మాత్రమే. భోజన వసతులకు ఎమ్‌టీఎఫ్ అను వేఱుపద్దు కలదు. యాజమాన్యకోటాలో చేరినవారికి రీయింబర్సుమెంటు వర్తింపదు. తెలంగాణములో పదివేలు దాఁటిన ర్యాంకుగల వెనుకబడిన తరగతుల ఇంజనీరింగు విద్యార్థికి ఏటికి 35,000 రూపాయలకు మించి ఈయని నియమము ఏండ్ల తరబడి నడచినది. ఫీజు లక్షయైనచోట తక్కిన 65,000 ఇంటినుండియే రావలెను. దీనిని ఫీజు లేదనుట సత్యము కాదు.

విద్యాఋణమునకు పేరున విద్య యున్నను అది ఋణమే. బ్యాంకుల సంఘమువారి మాదిరి పథకము ప్రకారము 4 లక్షలవఱకు పూచీగాని తాకట్టుగాని యక్కఱలేదు. 7.5 లక్షలు దాఁటినచో ఇల్లో పొలమో తాకట్టు పెట్టవలెను. మార్జిననఁగా మన చేతినుండి వేసికొనవలసిన పాలు. ఇవి తెలియుట కష్టము కాదు. జనులు తొట్రుపడునది మారటోరియము అను మాటయొద్ద. చదువుకాలమును, ఆపై నొక సంవత్సరమును వాయిదాలు కట్ట నక్కఱలేదని దాని యర్థము. వడ్డి లేదని కాదు. లెక్క వేసి చూతము. ఏటికి 1,25,000 చొప్పున నాలుగేండ్లలో 5,00,000 తీసికొన్నాఁడనుకొందము. వడ్డి ఏటికి నూటికి 10. మొదటియేటి సొమ్మునకు ఐదేండ్ల వడ్డి 62,500, రెండవయేటి దానికి 50,000, మూఁడవదానికి 37,500, నాలుగవదానికి 25,000. ఒక్క వాయిదా కట్టకముందే, చక్రవడ్డి కాదు, బారువడ్డి లెక్కనే 1,75,000 చేరి అప్పు 6,75,000 అగును.

కుటుంబపు ఏటి యాదాయము 4.5 లక్షల లోపైనచో వృత్తి, సాంకేతిక విద్యలకు ఈ కాలపు వడ్డిని కేంద్రప్రభుత్వము భరించు పథకము 2009లో వచ్చినది. 2024 నవంబరులో ఆమోదింపఁబడిన పీఎం విద్యాలక్ష్మి, 8 లక్షల లోపువారికి, ఎంపికచేసిన సంస్థలలో మాత్రమే, 10 లక్షలవఱకు ఋణముపై నూటికి 3 వంతున వడ్డి తగ్గించును. రెండును మారటోరియముతోనే ముగియును. అసలులో ఒక్క రూపాయయు తగ్గదు.

వీని యన్నిటికన్న అపాయకరమైన మాట సహఋణగ్రహీత. బిడ్డ చదువునకు సంతకము పెట్టు తండ్రి తాను సాక్షినని తలంచును. అతఁడు సాక్షి కాఁడు, సరిసమానుఁడైన బాకీదారు. బిడ్డకు కొలువు దొరకనిచో నోటీసు అతని పేరను వచ్చును. రేపు అతఁడు వేఱొక ఋణమున కడిగినపుడు ఆ పాతసంతకమే అడ్డుపడును.

ఆంగ్లమున నలుబది పుటల ఒప్పందమునిచ్చి, ఇచ్చట, ఇచ్చట, ఇచ్చట సంతకము చేయుమనుట ఇంతకాలము సాగినది. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిలులో చేసిన యుత్తరువు ప్రకారము, ఆ యేటి అక్టోబరు 1 మొదలు వ్యక్తులకిచ్చు క్రొత్త ఋణములకు ముఖ్యవివరముల పత్రమొకటి ముందుగా నీయవలెను. వడ్డియు, ఇతర రుసుములును కలిపి ఏటికి నూటికెంత పడునో అందు చూపవలెను. అది ఋణము తీసికొనువానికి తెలిసిన భాషలో నుండవలెను. ఏడు దినములకు మించిన ఋణమైనచో ఆలోచించుకొనుటకు కనీసము మూఁడు పనిదినముల గడువుండవలెను. ఈ యేడు సంతకము చేయఁబోవు మా పాఠకులు ఆ పత్రమును తెలుగులోనే యడుగవలెను; ఇంటికిఁ గొనిపోయి, లెక్క వచ్చినవానిచే చదివించుకొనవలెను. కాలేజీలచేతను ఇట్టి యొక్క పుట ఇప్పింపవలసినదని రెండు రాష్ట్రప్రభుత్వములను కోరుచున్నాము: మొత్తము ఫీజెంత, తిరిగి యీయ నక్కఱలేనిదెంత, అప్పు ఎంత, సర్కారు తన పాలును ఏ నెలలో కట్టును.