తెర లాగడం కాదు, మాట అడుగుదాం

రిమోట్ డెస్క్‌టాప్ మాటెత్తగానే మనవాళ్ళు అనేది ఒకటే: "నెట్ స్లో ఉంటే ఏం చేస్తాం బ్రో?" చేయాల్సింది చాలా ఉందంటాను నేను. దారి సన్నగా ఉండటం కన్నా, ఆ దారిలో మనం ఏం లాగుతున్నామన్నదే అసలు సమస్య.

ముందు చిన్న లెక్క. మామూలు ల్యాప్‌టాప్ తెర 1366 × 768, అంటే పదిన్నర లక్షల చుక్కలు. చుక్కకి 24 బిట్లు వేసుకుంటే మొత్తం రెండున్నర కోట్ల బిట్లు. కుదించకుండా 512 కేబీపీఎస్ లైన్ మీద పంపితే ఒక్క తెర రావడానికే 49 సెకన్లు. రంగుల్ని 8 బిట్లకి తగ్గిస్తే 16 సెకన్లు. నిజానికి వీఎన్‌సీ, ఆర్‌డీపీ లాంటివి ఇంత మొద్దుగా పంపవు. మారిన ముక్కల్నే, అదీ కుదించి పంపుతాయి. కానీ వాల్‌పేపర్‌గా కుటుంబం ఫొటో, జారుతూ తెరుచుకునే విండోలు ఉంటే ఆ ముక్కలే బరువెక్కుతాయి. అందుకే ముందు వాల్‌పేపర్ తీసేయాలి, యానిమేషన్లు ఆపాలి, రంగులూ రిజల్యూషనూ తగ్గించాలి.

ఇంకోటి. తెర మన దగ్గరికి వచ్చేది అవతలివాళ్ళ అప్‌లోడ్ మీద. మనమేమో డౌన్‌లోడ్ స్పీడ్ చూసి "బానే ఉందిగా" అనుకుంటాం. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌లో అప్‌లోడ్ డౌన్‌లోడ్ కన్నా చాలా తక్కువ.

మా తాతయ్య వాళ్ళది ఈస్ట్ మారేడ్‌పల్లి. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆ వీధుల్లో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో, పెద్దవాళ్ళు ఇక్కడ, మధ్యలో ఒక కంప్యూటరు. మా మామయ్య ఉండేది డల్లాస్‌లో. దగ్గరి దారిన వెళ్ళినా పద్నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో వెలుగు సెకనుకి పోయేది సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంటే మౌస్ నొక్కితే ఆ కబురు ఇక్కడికొచ్చి తిరిగి వెళ్ళడానికి తక్కువలో తక్కువ సెకనులో ఏడో వంతు. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఈ ఆలస్యం పోదు. పట్టే కిటుకు ఒకటే: ఒకసారి నొక్కి ఆగడం, వీలైనచోట మౌస్ మానేసి కీబోర్డ్ వాడటం.

ఈ బాధ పడలేక, ప్రతిసారీ తాతయ్యని లేపడం ఎందుకని, మామయ్య శాశ్వత పాస్‌వర్డ్ పెట్టేశాడు. ఎప్పుడంటే అప్పుడు లోపలికి రావచ్చు. తాతయ్య నాతో అన్న మాట: "నా బల్ల మీద బాణం దానంతటదే తిరుగుతుంటే, ఇక నేనెందుకురా ఇక్కడ కూర్చోవడం?"

నా అభిప్రాయం అక్కడే గట్టిపడింది. సాయం పేరుతో వాళ్ళ కుర్చీ మనం లాక్కోకూడదు. ఇది మర్యాద సంగతే కాదు, భద్రత సంగతి కూడా. రిమోట్ యాప్ వేయించి, తొమ్మిది అంకెల కోడ్ చెప్పించుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ ఎనీడెస్క్ పేరు చెప్పి బ్యాంకుల్ని హెచ్చరించింది. తప్పు యాప్‌ది కాదు, అడగ్గానే కోడ్ చెప్పేసే అలవాటుది. బాణం దానంతటదే కదలడం మామూలే అని మనమే అలవాటు చేస్తే, రేపు దొంగ కదిపినా వాళ్ళకి అనుమానం రాదు.

"పెద్దవాళ్ళకి 'అనుమతించు' నొక్కడం కూడా కష్టం కదా" అంటారు. నిజమే, చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. అలాంటి ఇంట్లో ఆ అక్షరాలు పెద్దవి చేసి పెట్టండి. తలుపు తీసే పని మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంచండి.

చాలాసార్లు తెర అవసరమే పడదు. 2జీ కాల్‌లో మనిషి గొంతు మోయడానికి 12.2 కేబీపీఎస్ చాలు. కాకపోతే ఇద్దరికీ తెలిసిన మాటలు కావాలి. "సెట్టింగ్స్ ఐకాన్ క్లిక్ చెయ్" అంటే తాతయ్యకి ఎక్కదు. అందుకని పేర్లు ఆయన్నే పెట్టమన్నాను. వైఫై గుర్తు గొడుగు, సెట్టింగ్స్ పళ్ళ చక్రం, రీలోడ్ చుట్టు బాణం, మెనూ మూడు గీతలు. మొన్న ప్రింటర్ మొరాయిస్తే "గొడుగు ఉందా తాతయ్యా?" అన్నాను. "ఉంది, కానీ కింద పక్కింటివాళ్ళ పేరుందిరా" అన్నారు. నాలుగు నిమిషాల్లో పెన్షన్ స్లిప్ ప్రింటయింది. నేను తెర చూడనేలేదు.

మన క్లబ్‌లో తెలుగు ఎందుకు పనికొస్తుందని వాదించుకుంటూ ఉంటాం కదా, ఇదిగో ఇందుకు. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మూడు పనులు చేసి రండి. శాశ్వత పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. వాల్‌పేపర్, యానిమేషన్లు ఆపండి. ఒక కాగితం మీద వాళ్ళు పెట్టిన పేర్లు వాళ్ళ చేతే రాయించి తెర పక్కన అతికించండి. అడుగున సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కూడా రాయండి, పెద్ద అంకెల్లో.